ఐదు పాయింట్ల గాలి మాట

నిలిచిన బండ్ల మధ్య

పోయిన వారం కర్నూలులో ఒక ఆసుపత్రి ఆవరణలో వాచ్‌మన్ నన్ను చొక్కా పట్టుకొని లేపినాడు. నేను అప్పుడు ఒక తెల్ల కారు వెనక చక్రం ముందర మోకాళ్ల మీద కూచొని, ఫోన్ లైటు వేసుకొని టైరు పక్క గోడ మీది అంకెలు చదువుతాండాను.

"ఏమప్పా, ఏం చేస్తాండావు ఈడ?"

"చదువుతాండా."

"టైరునా?"

"అవును. ఇది పుట్టి తొమ్మిదేండ్లయింది. ఓనరుకు తెలుసో లేదో."

"నీకు పుట్టి ఎన్నేండ్లయింది?"

"యాభై ఐదు."

"ఈ వయసులో చక్రాల దొంగతనం ఏందప్పా? ఇంటికి పో."

పోయినాను. పోయి ఏం చేయాల? ముప్పై ఏండ్లు టైర్ల షాపులో వంగి లేచినవాడికి ఇంట్లో కుర్చీ ముల్లులాగ ఉంటాది. కుడి భుజం అరిగిపోయింది కాబట్టి పని మానేసినాను. డాక్టరు ఎక్స్‌రే చూసి "నీ భుజంలో గ్రిప్పు అయిపోయింది" అన్నాడని వీధి అంతా చెప్పినాను. ఆయన ఆ మాట అనలేదు. నేనే కలిపినాను. నా భార్య మాబున్ని పక్కనే ఉండి, డాక్టరు నిజంగా ఏమన్నాడో విని కూడా, ఇప్పుడు నా మాటే చెప్తాంది. నా కథలతో వచ్చే చిక్కు అదే. అవి అసలు మాటను తోసేసి దాని కుర్చీలో కూచుంటాయి.

నా పేరు దస్తగిరి. నంద్యాల రోడ్డు పొడవునా నన్ను గాలి దస్తగిరి అంటారు. టైర్లకు గాలి పట్టేవాడిని కాబట్టి సగం, గాలి కబుర్లు చెప్పేవాడిని కాబట్టి సగం. కొత్తగా పానా పట్టే పిల్లోళ్లు కొందరు "అన్నా, పని గురించి రాయి" అంటే ఇది రాస్తాండాను. ఎన్ని టైర్లు మార్చినానో, ఏ కంపెనీ వాళ్లు ఏ సర్టిఫికెట్ ఇచ్చినారో రాయను. వాటితో ఎవరికీ పని లేదు. నేను చేసిన రెండు తప్పులు రాస్తాను. మొదటిది చేతితో చేసింది. రెండోది నోటితో చేసింది. రెండోదాని వెంట ఇంకా పరిగెత్తుతానే ఉండాను.

నోట్లో నట్టు

మా షాపు యజమాని యేసన్న. పొట్టి మనిషి, తెల్ల బనీను, ఆదివారం చర్చికి తప్ప చొక్కా వేసేవాడు కాదు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. నాలాంటివాడిని పనిలో పెట్టుకోవడం ఆయన చేసిన ఒకే ఒక దుబారా.

చేరిన ఏడాదిలోపే ఒక టీచరమ్మ కారుకు ముందర ఎడమ చక్రం మార్చినాను. నట్లు బిగిస్తా బిగిస్తా, తుంగభద్రకు వరద వచ్చినప్పుడు ఒక లారీ టైరు మీద కూచొని నేను సుంకేసుల నుంచి కర్నూలు దాకా తేలుకుంటా వచ్చిన కథ ఆమెకు చెప్తాండాను. కథలో నేను కోట దగ్గర ఒడ్డెక్కే సరికి చక్రానికి మూడు నట్లు బిగిసినాయి. మిగిలిన రెండు చేత్తో తిప్పి వదిలేసినాను. పానా పెట్టలేదు. ఆమె నవ్వుకుంటా పోయింది. గంటకు నడుచుకుంటా వచ్చింది. కారు ఊరి బయట నిలిపేసిందంట. "స్టీరింగు వణుకుతాంది, చక్రం టకటకమంటాంది" అంది. భయంతో ఆమె పెదవులు తెల్లగా అయిపోయినాయి. నిలపకపోయి ఉంటే ఏమయ్యేదో మేం ముగ్గురం ఎవరికి వాళ్లం అనుకొన్నాం.

యేసన్న నన్ను తిట్టలేదు. చక్రం సరిచేసి వచ్చినాక ఒక నట్టు తీసి గుడ్డతో తుడిచి నా చేతికిచ్చినాడు.

"నోట్లో పెట్టుకో."

"ఏంది?"

"ఐదు నట్లు విప్పుతావు కదా. ఐదోది నోట్లో పెట్టుకో. నాలుగు బిగించినాక అది తీసి బిగియ్యి. అది నోట్లో ఉన్నంతసేపు నీకు మాట రాదు. నోరు ఖాళీ అయ్యిందంటే పని అయిపోయినట్టు లెక్క."

"మింగితే?"

"మింగితే ఆ బండి కదలదు. నువ్వూ కదలవు."

ఇనుము రుచి, గ్రీసు రుచి. మొదటి వారం అన్నం కూడా నట్టు మాదిరే ఉండింది. అయితే ఆ తర్వాత ముప్పై ఏండ్లలో నేను బిగించిన చక్రం ఒకటి కూడా వదులు కాలేదు. ఇందులో నేను ఏమీ కలపలేదు.

మీరు నట్టు నోట్లో పెట్టుకోవాల్సిన పని లేదు. అయితే ఈ మూడు చేయండి. వరసగా గుండ్రంగా బిగించొద్దు, ఎదురెదురుగా, నక్షత్రం గీసినట్టు బిగించండి. బండి కింద పెట్టినాక ఇంకోసారి పానా వేయండి. యాభై అరవై కిలోమీటర్లు తిరిగినాక మళ్లా ఒకసారి చూసుకోమని బండి ఆయనకు చెప్పండి. ఆయన చూడడు. అయినా చెప్పండి.

గోడ మీద రాసినవి

టైరు పక్క భాగాన్ని మేం గోడ అంటాం. దాని మీద కంపెనీ పేరు పెద్దగా, పనికొచ్చే మాట చిన్నగా ఉంటాది. 185/65 R15 88H అని ఉంటే మొదటి అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో గోడ ఎత్తు నూటికి ఎంతో చెప్తాది. పదిహేను అంటే లోపలి ఇనుప చక్రం అంగుళాలు. ఇంతవరకు అందరూ చూస్తారు, ఎందుకంటే ఇవి కుదరకపోతే టైరు ఎక్కదు. చివర ఉండే 88H మాత్రం ఎవరూ చూడరు, ఎందుకంటే అది కుదరకపోయినా టైరు ఎక్కుతాది.

88 అంటే ఎనభై ఎనిమిది కిలోలు కాదు. అది ఒక గుర్తు. పట్టికలో చూస్తే ఆ ఒక్క టైరు ఐదువందల అరవై కిలోలు మోస్తాదని అర్థం, సరిపడా గాలి ఉంటేనే. H అంటే అది తట్టుకొనే వేగం. అంత వేగంతో పొమ్మని కాదు.

పత్తికొండ రైతు ఒకాయన టమోటాలు మోసే బండికి పాత కారు టైర్లు వేయించుకొనేదానికి వచ్చినాడు. "బొక్క ఒకటే సైజు కదప్పా" అన్నాడు. నిజమే, బొక్క ఒకటే. మోసే బలం ఒకటి కాదు. నేను వేయను అన్నాను. ఇంకో షాపుకు పోయి వేయించుకొన్నాడు. మూడో వారం రోడ్డు పొడవునా టమోటాలు. మనిషికి ఏం కాలేదు. బండి వెనక వచ్చేవాళ్లు జారినారు.

ఇంకొకటి, ఒక చిన్న కోడిగుడ్డు ఆకారంలో నాలుగంకెలు. 3217 అని ఉంటే 2017లో ముప్పై రెండో వారం పుట్టిందని. గ్రిప్పు నిండుగా ఉన్నా, మన ఎండకు ఆరేడేండ్లు దాటిన రబ్బరు ఎండిన తోలు మాదిరి పగుళ్లు తీస్తాది. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు సీటు కవర్లు తడుముతారు. ఆ గుడ్డు మాత్రం చూడరు.

గాలి ఎంత పట్టాలో టైరు మీద వెతకొద్దు. అక్కడ ఉండేది ఆ టైరు తట్టుకొనే గరిష్ఠం. మీ బండికి ఎంత కావాలో డ్రైవరు కూచొనే పక్క తలుపు తెరిస్తే, ఆ తలుపు మూసుకొనే స్తంభం మీద స్టిక్కరు ఉంటాది. మామూలుగా పోతే ఒక అంకె, నిండా జనంతో పోతే వెనక చక్రాలకు ఇంకొక పెద్ద అంకె. ఇది గుర్తు పెట్టుకోండి. ఈ కథంతా దాని చుట్టూ తిరుగుతాది.

గద్ద

ఇంక రెండో తప్పు.

ఒక మే నెలలో యేసన్న చర్చి కూటాలకని నాలుగు రోజులు ఊర్లో లేడు. షాపు నా మీద. కరెంటు వోల్టేజి పడిపోయి కంప్రెసర్ మోటారు మూలుగుతాంది. మీటరు మీద గాలి ఇరవై ఎనిమిది పాయింట్లు దాటి ఎక్కడం లేదు. ముందర ఏడెనిమిది బండ్లు. మిషన్‌కు బలం లేదు, ఇంకో షాపుకు పోండి అని చెప్పాల్సింది. షాపు నాది అన్న గొప్పలో నోరు రాలేదు.

కడప వైపు పోయే ఒక జీపు డ్రైవరు మీటరు చూసి అడిగినాడు. "ముప్పై మూడు కదప్పా పట్టాల్సింది? ఇరవై ఎనిమిదేనా?"

అంతే. నా నోరు దానంతట అదే తెరుచుకొన్నాది.

"ఎండాకాలం ఐదు పాయింట్లు తగ్గియ్యాల. తెల్దా? మొన్న ఓర్వకల్లు బండల కాడ ఏమయ్యింది? నిండా గాలి పట్టిన టైరు ఎండకు ఉబ్బి పేలింది. ఆ టైరు పట్టీ ముక్క ఇంత పొడవు, మెలికలు తిరుగుతా పైకి లేసింది. పైన తిరుగుతాండే గద్ద పాము అనుకొని దాన్ని ముక్కున పట్టుకొని నల్లమల దిక్కు పోయింది. కాలే రబ్బరు కదా, పొగ వస్తాంది. అడివోళ్లు ఆకాశంలో రైలు పోతాండాది అనుకొన్నారంట."

లైన్లో ఉండే వాళ్లందరూ నవ్వినారు. నవ్వినాక అందరూ ఇరవై ఎనిమిదే పట్టించుకొన్నారు. ఎనిమిది బండ్లు కడప దారి పట్టినాయి.

నిజం దీనికి పూర్తిగా తలకిందులు. గాలి తక్కువైతే టైరు గోడ చక్రం తిరిగిన ప్రతిసారీ వంగి లేస్తాది. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే వంచిన చోట వేడెక్కి తెగుతాది కదా, అట్లే. పైన ఎండ, కింద తారు, లోపల ఈ వంగడం. పేలేది ఆ టైరే. నిండా గాలి ఉండే టైరు దారిలో మూడు నాలుగు పాయింట్లు పెరిగినా తట్టుకొంటాది, దాన్ని చేసినవాళ్లు ఆ లెక్క వేసే చేసినారు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూసి పట్టించాల, వేడిగా ఉన్నప్పుడు తీయకూడదు.

యేసన్న తిరిగొచ్చి విన్నాడు. కుర్చీలో కూచున్నాడు.

"దస్తగిరీ, టీచరమ్మది ఒక బండి. నడుచుకుంటా వచ్చి చెప్పింది. ఈ ఎనిమిది మందిని యాడ వెతుకుతాం?"

ఒక నెలంతా వచ్చిన ప్రతి బండికీ నాతో నిజం చెప్పించినాడు. చెప్పినాను. వాళ్లు తల ఊపి పోయినారు. నిజంలో గద్ద లేదు కదా, ఎవరికీ గుర్తుండలేదు.

రత్నం బండి

యేసన్న ఇప్పుడు లేడు. నేను పని మానేసే రోజు ఆయన పాత నట్టు ఒకటి షాపులో అడిగి తెచ్చుకొన్నాను. జేబులో చిల్లరతో పాటు వేసుకొని తిప్పుతా ఉంటాను. "ఆ శబ్దం ఆపుతావా లేదా" అంటాది మాబున్ని.

ఈ ఎండాకాలం ఒక పొద్దున, పది గంటలప్పుడు, నా స్నేహితుడు రత్నం మా ఇంటి ముందర బండి నిలిపినాడు. బాడుగకు తిప్పే ఏడు సీట్ల బండి అది. లోపల వాళ్లమ్మ శాంతమ్మ, భార్య, చెల్లెలు, నలుగురు పిల్లలు, పైన రెండు ట్రంకులు, వెనక వంటపాత్రలు. కమలాపురంలో వాళ్ల బావ కూతురి పెండ్లి, సాయంత్రం నాలుగింటికి చర్చిలో.

"సీటు లేదు గానీ దీవెన ఇచ్చిపోదామని నిలిపినా" అన్నాడు రత్నం.

నేను వాడి మొహం చూడలేదు. వెనక టైర్లు చూస్తాండాను. నేల మీద చపాతీలాగ పరుచుకొని ఉన్నాయి. లోపలికి పోయి మీటరు తెచ్చి పెట్టినాను. ఇరవై ఎనిమిది.

"రత్నం, గాలి లేదు. ఇంత మందితో ముప్పై ఆరు ఉండాల వెనక."

"కావాలనే తగ్గించినా. ఎండాకాలం కదా."

"ఎవరు చెప్పినారు?"

"మా బావ. కమలాపురంలో అందరూ అంతే. ఓర్వకల్లు కాడ టైరు పేలితే ఒక గద్ద దాన్ని ఎత్తకపోయి నల్లమలలో ఒక పెండ్లి పందిరి మీద వేసిందంట. పందిరి కాలిపోయిందంట."

పందిరి నేను పెట్టలేదు. దారిలో ఎవరో కలిపినారు.

"రత్నం, అది నా అబద్ధం. నేనే పుట్టించినా. ఆ రోజు మిషన్ పనిచేయక..."

రత్నం స్టీరింగు మీద తల పెట్టి నవ్వినాడు. "గద్ద కూడా నీదేనంటావా? ఊరందరికీ తెలిసిన సంగతి అప్పా అది! ఇదిగో, ఇదే నీ అబద్ధం."

"దేవుని తోడు..."

"తుంగభద్రలో టైరు మీద తేలినప్పుడు కూడా దేవుని తోడే అన్నావు." గేరు వేసినాడు. వెనక అద్దంలోంచి శాంతమ్మ చెయ్యి ఊపింది.

ఫోన్ చేసినాను. ఎత్తి, "గద్ద ఏమంటాంది?" అని పెట్టేసినాడు. మళ్లా చేస్తే ఎత్తలేదు.

గుమ్మంలో నిలబడినాను, లోపలికి వచ్చినాను, మళ్లా బయటికి పోయినాను. ఆ బండిలో ఎనిమిది మంది. వాళ్లు నమ్మిన ఒకే ఒక మాట నా అబద్ధం, నమ్మని ఒకే ఒక మాట నా నిజం. మాబున్ని బైకు తాళం నా మొహాన విసిరి, "ఈడ తిరిగేది ఆ రోడ్డు మీద తిరుగు" అంది.

పాణ్యం దగ్గర

మే నెల పదకొండు గంటల ఎండలో బైకు మీద పోతే గాలి కూడా పొయ్యిలోంచి వచ్చినట్టే ఉంటాది. రోడ్డు పక్కన టైరు ముక్క ఎక్కడ కనబడినా బైకు నిదానం చేసి చూస్తాండాను. ఓర్వకల్లు బండలు దాటినాను. ఆకాశంలో నిజంగానే ఒక గద్ద తిరుగుతాంది. దాని దిక్కు చూడలేదు.

పాణ్యం రాకముందు ఒక టీ కొట్టు దగ్గర ఆ బండి కనబడింది. చిన్న పిల్ల వాంతి చేసుకొంటే నిలిపినారంట. ఆ పిల్లకు నేను ఇప్పటికీ రుణపడి ఉండాను.

రత్నం టీ గ్లాసు పట్టుకొని ఎదురొచ్చినాడు. "ఏమప్పా దస్తగిరీ, గద్ద మీద వచ్చినావా?"

నోరు తెరిచినాను. చెప్పాల్సింది అంతా నాలుక చివర ఉంది, గోడ వంగడం, తీగ తెగడం, అన్నీ. చెప్తే ఏమయ్యేదో నాకు తెలుసు. జేబులోంచి యేసన్న నట్టు తీసి నోట్లో పెట్టుకొన్నాను.

వాడి మణికట్టు పట్టుకొని నా బైకు టైరు మీద పెట్టినాను. వెచ్చగా ఉంది. తర్వాత వాడి బండి వెనక ఎడమ టైరు గోడ మీద పెట్టినాను. రత్నం చెయ్యి లాక్కొన్నాడు. టీ వొలికింది.

"నీ... కాలుతాంది కదప్పా!"

మోకాళ్ల మీద కూచొని చెయ్యి లోపలి వైపుకు పోనిచ్చి తడిమినాను. వేలికి తగిలింది. బుగ్గ. నిమ్మకాయ అంత. గోడ లోపలి దారాలు తెగి రబ్బరు ఉబ్బింది. ఫోన్ లైటు వేసి రత్నంకు చూపించినాను. వాడి మొహంలో నవ్వు మెల్లగా దిగిపోయింది.

శాంతమ్మ కిటికీలోంచి తొంగి చూస్తాంది. నా మొహం చూసి అడిగింది, "నాయనా, ఏమయ్యింది?"

నేను తల అడ్డంగా ఊపినాను.

"దస్తగిరి పలకడం లేదు" అందామె, నెమ్మదిగా. "పుట్టినాక వీడు నోరు మూసుకోని ఉండేది ఇదే చూస్తాండా. అయితే నిజమే అయ్యుంటాది. దిగండ్రా అందరూ."

దిగినారు. బండి చల్లబడే దాకా వేప చెట్టు కింద కూచున్నారు. స్టెప్నీ తీస్తే దానిలో గాలి పద్దెనిమిది. "ఎప్పుడు చూసినావు?" అని నేను కండ్లతోనే అడిగితే, "కొన్నప్పుడు" అన్నాడు రత్నం. పక్కనే పంక్చరు కొట్టు ఉంది. ఎంత పట్టాలో చూద్దామని డ్రైవరు తలుపు తెరిచినాను. స్తంభం మీద అంకెలు లేవు. వాటి మీద చర్చి పండుగ స్టిక్కరు అతికించి ఉంది. శాంతమ్మే గోరుతో మెల్లగా ఊడదీసింది.

"దేవుని మాట అద్దం మీద పెట్టుకోరా. అంకెలు మూయొద్దు."

కింద 33, దాని పక్కన నిండు బరువుకు 36. రత్నం ఆ అంకెల మీద వేలు పెట్టి రెండుసార్లు చదివినాడు.

ఆ లెక్కకు స్టెప్నీకీ, మిగిలిన చక్రాలకూ గాలి పట్టించినాం. ఐదు నట్లు విప్పి, యేసన్న నట్టు జేబులో వేసుకొని, ఐదోదాన్ని నోట్లోకి తీసుకొన్నాను. భుజం మంటెత్తింది. ఎదురెదురుగా బిగిస్తాంటే రత్నం పక్కన కూచొని మెల్లగా అడిగినాడు.

"ఆ కథ నిజంగా నీదేనా?"

తల ఊపినాను.

"ఎండాకాలం గాలి తగ్గించేది అంతా అబద్ధమేనా?"

ఊపినాను.

"గద్ద కూడా లేదా?" అన్నాడు, ఏదో పోగొట్టుకొన్నవాడి మాదిరి.

అడ్డంగా ఊపినాను. నోట్లోంచి నట్టు తీసి, చొక్కాకు తుడిచి, బిగించినాను.

నంద్యాలలో అదే సైజు, అదే బలం ఉండే కొత్త టైరు వేయించుకొని పొమ్మన్నాను. సాయంత్రం ఫోన్ చేసినాడు. పెండ్లికి అందుకొన్నారు. వెనక పాటలు, పిల్లల కేకలు.

"మా బావకు చెప్పినా అప్పా. నమ్మల్యా" అన్నాడు. "ఆ గద్దను కండ్లారా చూసినోళ్లు కమలాపురంలో ముగ్గురు ఉండారంట."

ఇంక

అందుకే ఇంట్లో కూచోలేను. ఆ ఎనిమిది బండ్లు ఎన్ని ఊర్లు తిరిగినాయో, ఎన్ని నోళ్లలో ఆ గద్ద గుడ్లు పెట్టిందో నాకు తెలీదు. మొన్న పత్తికొండ టమోటా మార్కెట్టులో ఒక డ్రైవరు టైర్లోంచి బుస్సుమని గాలి తీస్తాండాడు. "ఎందుకప్పా?" అన్నాను. "ఎండ కదా. నీకు తెల్దేమో, ఓర్వకల్లు కాడ ఒక గద్ద..." అని మొదలుపెట్టినాడు. నా పేరు అందులో లేదు. నాకంటే బాగా చెప్తాండాడు. పూర్తిగా విన్నాను. తర్వాత నట్టు నోట్లో పెట్టుకొని, వాడి బండి తలుపు తెరిచి, వాడి వేలు పట్టుకొని అంకెల మీద పెట్టినాను. వాడు నన్ను మూగవాడు అనుకొన్నాడు. గాలి మాత్రం మళ్లా పట్టించుకొన్నాడు.

కొత్తగా పానా పట్టే తమ్ముళ్లారా, నన్ను నమ్మండి అని ఇది రాయలేదు. ఇందులో కూడా యాడో ఒక గద్ద ఉండొచ్చు, నా అలవాటు మీకు తెలుసు. లేచి బండి దగ్గరికి పోండి. డ్రైవరు పక్క తలుపు తెరవండి. ఆ అంకెలు నేను రాసినవి కావు.